పౌడరు మేళం

కూతురు సైమాని పడుకోబెట్టిన స్ట్రెచరు బండిని ఆపరేషన్ గదిలోకి తోసి తలుపు మూసేశాక జాన్ బాషా చేతులకి పని లేకుండా పోయింది. యాభై రెండేళ్ళ వయసులో నలభై ఏళ్ళు సన్నాయి పట్టుకున్న చేతులవి, ఊరికే ఒళ్ళో పడి ఉండటం వాటికి చేతకాదు. పెళ్ళి పందిట్లో పురోహితుడి దగ్గర్నుంచి వీడియో తీసేవాడి దాకా అందరూ అతని వైపే చూస్తారు, బాషా గట్టిమేళం ఎత్తుకుంటేగాని తాళి ముడి పడదు, ఊళ్ళో నరసింహస్వామి గుడి తలుపులు అతను మేలుకొలుపు ఊదితేగాని తెరవరు, అలాంటిది ఈ గుంటూరు ఆస్పత్రి మూడో అంతస్తులో అతని వైపు చూసే నాథుడు లేడు. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది, అంతే. గంట పడుతుంది, గంటన్నరైనా కావచ్చు అని డాక్టరు దీప్తి గారు చెప్పి వెళ్ళారు. ఈ గంటలో అతను టీ తాగొచ్చు, కిటికీలోంచి చూడొచ్చు, దువా చేసుకోవచ్చు. దువా పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నాడు, మధ్యలో పెదాలు ఆగిపోతున్నాయి, ఎక్కడిదాకా వచ్చాడో మర్చిపోయి మళ్ళీ మొదటికొస్తున్నాడు. చేతిలో కూతురి ఫోను ఉంది. బండి ఎక్కే ముందు ఇచ్చింది. "నాన్నా, ఇది నువ్వే పెట్టుకో. లాక్ తీసేశా. ఆస్పత్రి మెసేజీలన్నీ దీనికే వస్తాయి. అమ్మకిస్తే ఎక్కడో పెట్టి మర్చిపోద్ది." ఆ నాలుగు మాటలకే ఆయాసపడింది. సగం గొంతు, సగం గాలి. చుట్టిపెట్టిన ఇయర్‌ఫోన్స్ కూడా ఫోనుతోపాటు అతని చేతిలో పెట్టి, ఇంకేదో చెప్పబోయి, అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఏం చెప్పబోయిందో. అడగాల్సింది. బండి కదిలిపోయింది.

మెడలోని గడ్డ చెడ్డదే, కానీ చెడ్డవాటిలో మంచి రకం అన్నారు దీప్తి గారు, తీసేస్తే ప్రాణానికి భయం లేదన్నారు. ఆ మాట విని అతని భార్య షమీమ్ అక్కడే, డాక్టరు గది గుమ్మంలోనే, గోడకి ఆనుకుని ఏడ్చింది, ప్రాణం దక్కిందన్న ఏడుపు అది. ఆ పక్కన గొంతు నరం ఒకటుంది, సన్నటిది, అది గడ్డకి అంటుకుని ఉంది అని ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. "తెరిచి చూస్తేగాని చెప్పలేనండి. మాట ఇప్పుడున్నట్టే ఉండొచ్చు, బాగుపడొచ్చు, పోవచ్చు కూడా. పాట సంగతి మాత్రం నన్నడక్కండి." పాట సంగతి అడిగింది అతను కాదు, సైమా. ఇరవై ఏళ్ళ పిల్ల, ఒంగోల్లో డిగ్రీ రెండో సంవత్సరం, ఎదురుగా కూచుని ఆ గాలి గొంతుతోనే, మేడమ్ తర్వాత పాడగలనా అని అడిగింది. ఎవరి పాటలు పాడదామని అడిగిందో అతనికి తెలుసు. తను నేర్పినవి కాదు. అప్పుడు కూడా, అంతటి గదిలో అంతటి మాట మధ్యన కూడా, అతని మనసులో ఒక మూల చిన్న కోపం కదిలింది, ఇంకా ఆ పౌడరు మేళమేనా అని. ఆ కోపం గుర్తొచ్చి ఇప్పుడు కుర్చీలో ముడుచుకుపోయాడు.

ఫోను వెనక అట్ట మీద ఆ అయిదుగురూ ఉన్నారు. కొరియా కుర్రాళ్ళు. ఒకడి జుట్టు గులాబీ రంగు, ఒకడిది వెండి, ఇంకొకడు కళ్ళకి కాటుక పెట్టాడు. అయిదుగురికీ కలిపి ఒక మీసం లేదు. మొదట్లో అతను పౌడరు మేళం అంటే సైమా పడీపడీ నవ్వేది, నిజమే నాన్నా కొంచెం ఎక్కువే పూస్తారు అనేది, తర్వాత్తర్వాత నవ్వడం తగ్గించింది, తర్వాత ఆ ఊసే అతని దగ్గర ఎత్తడం మానేసింది. అతని బాధ పౌడరు గురించి కాదు. ఒకడి నోట్లోంచి ఇంకొకడు లాక్కున్నట్టు తలా రెండు ముక్కలు పాడతారు, పాడి గెంతుతారు, అలా గెంతేవాడికి పాడే ఊపిరి ఎక్కడిది? మిగతాదంతా మిషను పాడుతుంది, దాన్ని పట్టుకుని ప్రపంచమంతా ఊగిపోతుంది. ఊపిరి సంగతి అతనికి చెప్పొద్దు. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న నీళ్ళ చెంబు ముందు కూచోబెట్టి, గొట్టంతో లోపలికి గాలి ఊదమనేవాడు, బుడగలు తెగకుండా రావాలి, ముక్కుతో తీసుకుంటూనే నోటితో వదలాలి, బుడగ తెగిందంటే వీపు మీద దెబ్బ. ఊపిరి తీసుకున్నట్టు వినేవాడికి తెలిసిందంటే నీ పాట అక్కడే చచ్చిందిరా అనేవాడు. అతను దాన్ని నలభై ఏళ్ళు కాపాడుకున్నాడు. పొదిలి నుంచి గుంటూరు బస్సులో ఒకసారి, మూడేళ్ళ కిందట కాబోలు, పక్క సీట్లో కూచున్న సైమా ఒక ఇయర్‌ఫోన్ తీసి అతని చెవిలో పెట్టింది, ఒక్కటి విను నాన్నా, నీకు నచ్చుద్ది అంది. అర నిమిషం విన్నాడు. తీసి, పంచె అంచుతో తుడిచి ఇచ్చేసి, "మిక్సీలో ఎండు మిరగాయలు వేసినట్టుందే" అన్నాడు, గట్టిగానే అన్నాడు, ముందు సీటువాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. సైమా కూడా నవ్వింది. నవ్వి కిటికీ వైపు తిరిగింది. బయట కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఊరు తర్వాత ఊరు, ఎర్రగా, గుంటూరు వచ్చేదాకా ఆ పిల్ల వాటినే చూస్తూ కూచుంది. మళ్ళీ ఎప్పుడూ విను అనలేదు.

కిటికీ దగ్గర ఎవరో దగ్గుతున్నారు. మార్చి నెల, మిర్చి యార్డుకి బస్తాలు దిగే రోజులు, ఊరంతా ఘాటు, ఆస్పత్రి మూడో అంతస్తుకి కూడా ఎక్కొచ్చింది. అతని ముక్కుకీ తగిలింది. లోపల ఇప్పుడు ఆ పిల్ల మెడ తెరిచి ఉంటుంది, తెరిచిన గొంతుకి ఈ ఘాటు సోకితే? లేచి, అటుగా పోతున్న సిస్టర్ని ఆపి అడిగేశాడు. ఆమె ఒక క్షణం అర్థంకాక చూసి, "లోపల గాలి వేరండీ, ఏం రాదు. కూచోండి" అంది. కూచున్నాడు. కూచోమంటే కూచోవడం, లేవమంటే లేవడం, సంతకం పెట్టమంటే పెట్టడం, ఇవాళ అతని పనులివి. వరండా చివర కుర్చీలో షమీమ్ తలమీద కొంగు కప్పుకుని కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుతోంది. ఆమె ఒక్క మాట అనలేదు. జనవరి నుంచి ఇప్పటిదాకా, స్కానింగులు, సూది పరీక్షలు, రిపోర్టులు, ఇన్ని తిరుగుళ్ళలో ఒక్కసారి కూడా, నేను ముందే చెప్పానుగా అనలేదు. అంటే బాగుండేది. అంటే అతను కూడా ఏదో ఒకటి అనేవాడు, అరుచుకునేవాళ్ళు, కొంతైనా బరువు దిగేది.

ఎందుకంటే ఆమె చెప్పింది. మొదట విన్నది మాత్రం అతనే. పోయిన ఎండాకాలం సెలవులకి ఇంటికొచ్చిన పిల్లని రోజూలాగే తెల్లారగట్ల పక్కన కూచోబెట్టుకున్నాడు, సన్నాయి నేర్చేవాళ్ళు ముందు నోటితో పాడాలి, వాళ్ళింట్లో ఆడపిల్లయినా మగపిల్లాడైనా అదే పద్ధతి. షడ్జమం పట్టమన్నాడు. పట్టింది. స్వరం చుట్టూ సన్నగా గాలి పోతోంది. సన్నాయి నోట్లో పెట్టే రెల్లు ముక్కకి కంటికి కనపడని చీలిక వస్తే అలాగే పోతుంది, పక్కవాళ్ళెవరికీ వినపడదు, ఊదేవాడికి వినపడుతుంది. అతనికి వినపడింది. ఏ డాక్టరుకీ తెలియకముందు, వాళ్ళమ్మకి తెలియకముందు, ఆ పిల్లకే తెలియకముందు, ఆ గొంతులో ఏదో చెడిందని అతని చెవి పట్టేసింది. పట్టేసి ఏం చేశాడు? "ఊపిరి వదుల్తన్నావేందే? ఆ పౌడరు మేళం పాట పట్టింది నీకు" అన్నాడు. లేదు నాన్నా, నేను వదలట్లా, అదే పోతోంది అంది సైమా. అదే పోయిద్దా, గాలి దానంతటదే పోయిద్దా అని ఎగతాళి చేశాడు. ఆ కొరియావాళ్ళు అలాగే కదా పాడేది, మూలుగుతున్నట్టు, సగం గాలి కలిపి, అదే ముద్దుగా ఉందని అనుకరిస్తోందనుకున్నాడు. అనుకోవడం కాదు, తేల్చేశాడు. మిరియాల కషాయం పెట్టించాడు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమన్నాడు. రోజూ గంటసేపు ఒకే స్వరం పట్టించాడు, గాలి ఆగేదాకా, పిల్ల మెడ నరాలు తేలేవి. ఫోన్లో పాటలు బంద్ అన్నాడు. డాక్టరుకి చూపిద్దామయ్యా అని షమీమ్ వంటింట్లోంచి అంటే, "గొంతు సంగతి నాకు చెప్తావా నువ్వు?" అన్నాడు. ఆ మాట మీద ఎనిమిది నెలలు నడిచింది. సైమా ఒంగోలు వెళ్ళినా కరక్కాయ సంచి వెంట కట్టించాడు. జనవరిలో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తల పైకెత్తి నీళ్ళు తాగుతుంటే మెడ మీద ఉసిరికాయంత ఉబ్బు నీళ్ళతోపాటు పైకీ కిందకీ కదిలింది. షమీమ్ చేతిలోంచి గిన్నె పడింది. ఆ చప్పుడు అతనికి వసారాలోకి వినపడింది, ఏం పగలగొట్టావే అని కేకేశాడు కూడా.

ఫోను ఒళ్ళో గిలగిల్లాడింది. ఉలిక్కిపడి చూశాడు, ఆస్పత్రి మెసేజీ కాదు, ఎవరో లోను ఇస్తామంటున్నారు. దాన్ని పక్కకి తోసెయ్యబోతే వేలు ఎక్కడో తగిలి పాటల పెట్టె తెరుచుకుంది. పేర్ల కింద పేర్లు, పాటల గుత్తులు, ఒక్కోదాంట్లో వందా, నూటయాభై, అన్నిటి పక్కనా ఆ అయిదుగురి మొహాలే. మూసేద్దామనుకుంటూనే కిందకి జరిపాడు. అన్నిటికన్నా అడుగున ఒక చిన్న గుత్తి. దాని పేరు నాన్న. తెలుగక్షరాలే. నాలుగే పాటలున్నాయి. తారీకు చూస్తే మూడేళ్ళ కిందటిది, ఆ బస్సు ప్రయాణం నాటిదే అయివుంటుంది, అంతకు ముందుదో తర్వాతదో ఎవరు చెప్పొచ్చారు. ఇన్ని వందల్లోంచి ఏరి నాలుగు పక్కన పెట్టుకుంది, ఎప్పుడైనా వింటాడేమోనని. అతను కాసేపు గోడమీది గడియారం చూశాడు. పదకొండు దాటి పది నిమిషాలు. ఇయర్‌ఫోన్స్ చిక్కు విప్పాడు, ఏది ఏ చెవిలో పెట్టాలో తెలియక రెండుసార్లు మార్చాడు, మొదటి పాట నొక్కాడు.

మొదటిది అనుకున్నట్టే ఉంది. దడదడలు, కేకలు, మధ్యలో ఒకడు ఎవరి మీదో కోపమొచ్చినట్టు గబగబా మాట్లాడేస్తున్నాడు. నిజం చెప్పాలంటే అతనికి ప్రాణం కుదుటపడింది. చూశావా, నేను చెప్పలా అన్నాడు లోపల్లోపల, ఎవరితో అన్నాడో తెలియదు. రెండోది మోహన రాగంలాగా మొదలై, పోనీలే అనుకునేలోపు మళ్ళీ అదే గోల. మూడోది పెట్టగానే వెన్ను నిటారైంది, సన్నాయి! వాళ్ళ దేశపు సన్నాయి కాబోలు, కురచది, గొంతు కీచుది, కానీ అదే జాతి. పాపం పిల్ల దీన్నే చూసి మురిసుంటుంది, నాన్నకి ఇది నచ్చితీరాలి అని. నచ్చలేదు. ఆ ఊదినవాడెవడో మంచివాడే, వాణ్ణి ముక్కలుగా కోసి అతికించారు, ఒకే ముక్క నాలుగుసార్లు తిరిగొచ్చింది. సన్నాయి ఉంటే చాలనుకుంది నాన్నకి. ఇరవై ఏళ్ళు పక్కన పెరిగి నా చెవిని ఇంతేనా తెలుసుకుంది అనిపించింది, ఆ వెంటే, నువ్వు దాని గొంతుని ఏపాటి తెలుసుకున్నావు అనీ అనిపించింది. పాట సగంలో ఫోను మోగింది. బుల్లయ్య. ముప్పై ఏళ్ళుగా అతని పక్కన డోలు వాయిస్తున్నవాడు, పొద్దున ఈ నంబరే ఇచ్చి ఉంచాడు వాడికి, ఇవాళ వేటపాలెంలో పెళ్ళికి వేరే సన్నాయితో వెళ్ళాడు.

"ఏరా బాషా, అయిందా?"

"ఇంకా లేదురా. లోపలే ఉంది."

"ఇక్కడ వీడు తాళానికి అందకుండా ఉరుకుతున్నాడు, సచ్చిపోతన్నా వీడితో. ఒరేయ్, ఏం కాదురా. మన సైమా. నీ ఎనకాల కూచుని శ్రుతి పెట్టె నొక్కిన పిల్లరా అది, దానికేం కాదు."

పెట్టేశాడు. శ్రుతి పెట్టె. అవును, కరెంటువి వచ్చి ఎన్నేళ్ళయినా అతను పాతదే వాడేవాడు, తిత్తితో ఊదేది, ఏడెనిమిదేళ్ళ సైమాని వెనకాల కూచోబెట్టి దాన్ని చేత్తో నొక్కిస్తూ ఉండేవాడు. స్వామి ఉత్సవాల్లో రాత్రి మేళం పూర్తయ్యేసరికి పిల్ల కళ్ళు మూతలు పడేవి, తల బుల్లయ్య భుజం మీద వాలిపోయేది, చెయ్యి మాత్రం ఆగేది కాదు. నిద్రలో కూడా నాన్నకి శ్రుతి తెగనిచ్చేది కాదు. అతను ముందు కూచుని ఊరందరి మెప్పూ పుచ్చుకుంటుంటే వెనకాల ఆ చిన్న చెయ్యి అలా ఆడుతూనే ఉండేది. ఫోను మళ్ళీ దానంతటదే పాటల్లోకి వెళ్ళింది. నాలుగోది మొదలైంది.

డోలు లేదు, దడదడ లేదు. పియానో మీద ఎవరో రెండు స్వరాలు నొక్కి వదిలేశారు. ఒకడు మొదలుపెట్టాడు, పాడుతున్నాడా మాట్లాడుతున్నాడా తెలియనంత నెమ్మదిగా. తప్పు పట్టడానికి చెవి సిద్ధం చేసుకున్నాడు బాషా. రెండోవాడు అందుకున్నాడు, లాక్కోలేదు, మొదటివాడు ఇచ్చాకే తీసుకున్నాడు. వీడి గొంతు అడుగున కాస్త ఇసుక ఉంది. మూడోవాడిది ఇంకా మీసం రాని గొంతు, ఆ మాట అనుకుని తనలో తనే నవ్వుకోబోయాడు, అందరూ మీసం లేనివాళ్ళే కదా. మొహాలు చూస్తే ఎప్పుడూ ఒకడికీ ఇంకొకడికీ తేడా తెలియనివాడికి కళ్ళు మూసుకుంటే అయిదుగురూ విడివిడిగా కనిపిస్తున్నారు. రాగం పేరు వెతికాడు, చిక్కలేదు, వెతకడం మానేశాడు. నాలుగోవాడు పైకి ఎక్కుతున్నాడు. మెట్టు మెట్టుగా కాదు, పంచమం దగ్గర నిలబడి పైషడ్జమం వైపు చూశాడు, అందుకోలేనేమో అన్నట్టు ఆగాడు, ఆగి ఊపిరి తీసుకున్నాడు. వినపడింది. బస్తా ఎత్తబోయే మనిషి తీసుకునేలాంటి ఊపిరి, పెద్దది, దాచుకోనిది. మిషన్లున్నవాళ్ళు దాన్ని క్షణంలో తీసెయ్యొచ్చు, తియ్యలేదు, అలాగే ఉంచారు. తర్వాత స్వరం వచ్చింది, సన్నగా, అంచు చిరిగి, సగం గాలితో. సరిగ్గా అక్కడ మిగతా నలుగురూ తమ పాటలన్నీ ఆపేసి, కింద నోరు మూసుకుని ఒకే స్వరం పట్టుకున్నారు. శ్రుతి పట్టారు వాడికి. వాడి స్వరం అయిపోయేదాకా, అయిపోయాక కూడా ఇంకొంచెంసేపు, ఆ నలుగురూ అలా పట్టుకునే ఉన్నారు. నాన్న చెప్పిన ప్రకారం ఆ పాట ఆ ఊపిరి దగ్గరే చచ్చిపోవాలి. అక్కడే ప్రాణం పోసుకుంది.

మళ్ళీ పెట్టాడు. ఈసారి తప్పు దొరుకుతుందేమోనని పెట్టాడు, నిజంగానే, ఎక్కడైనా ఒక చోట జారితే పట్టుకుందామని. దొరకలేదు. మూడోసారి పెట్టాడు. కోపం వచ్చింది. మూడు పాటలు చెత్తగా పాడి నాలుగోది ఇలా ఎందుకు పాడారు వీళ్ళు? అన్నీ చెత్తగానే పాడి ఉండొచ్చుగా. ఆ పిల్లని అన్న మాటల్లో ఈ ఒక్కటన్నా ఒప్పయి ఉంటే పట్టుకుని వేలాడటానికి కాస్త ఉండేది, గొంతు సంగతి తప్పు చెప్పాను, మందు తప్పు ఇచ్చాను, కానీ ఆ పౌడరు మేళంవాళ్ళు మాత్రం పాటగాళ్ళు కారు, ఆ ఒక్కటీ నాది నిజం అని. అదీ పోయింది. ఆ వెండి జుట్టువాడో గులాబీవాడో ఒక్క ఊపిరితో దాన్నీ పట్టుకుపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మిరప ఘాటు మీదకి నెట్టేద్దామని తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. నచ్చింది. చెయ్యగలిగిందేమీ లేదు, నచ్చింది. ఎర్ర దీపం వైపు చూశాడు. చెప్పాలి దానికి. లేవగానే చెప్పాలి. చెప్తే ఏమంటుంది? అసలు ఏమైనా అనగలుగుతుందా?

పక్క కుర్చీ కిర్రుమంది. షమీమ్ వచ్చి కూచుంది. చేతిలో టీ కప్పుంది, చల్లారిపోయింది.

"ఏం వింటన్నావు?"

"దాని పాటలు."

ఆమె ఆశ్చర్యపోలేదు. అతని చెవిలోంచి ఒకటి తీసి, కొంగు లోపలికి పోనిచ్చి తన చెవిలో పెట్టుకుంది. ఇద్దరూ ఒక వైరుకి కట్టినట్టు తలలు దగ్గరగా పెట్టి కూచున్నారు, పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఎప్పుడన్నా అలా కూచున్నారో లేదో. పియానో వచ్చింది, మొదటివాడు వచ్చాడు. షమీమ్ తల ఊపింది.

"ఇదా. ఇది రోజూ పాడేదేగా ఇంట్లో."

"ఏది? ఇదా? ఎప్పుడు?"

"గిన్నెలు తోమేటప్పుడు పాడేది. గుడ్డలారేసేటప్పుడు పాడేది. నువ్వు గుడికి పోయినప్పుడు." కప్పు కుర్చీ కింద పెట్టి, "నువ్వు వచ్చినట్టు గేటు చప్పుడైతే ఆపేది" అంది.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. గేటు చప్పుడు. పెరట్లో తీగమీద తడి దుప్పటి ఆరేస్తూ పైషడ్జమం ముందు పెద్దగా ఊపిరి తీసుకున్న పిల్ల, గేటు కిర్రుమనగానే దాన్ని అలాగే మింగేసిన పిల్ల. ఎన్నిసార్లు మింగేసిందో. అంత మంచి పాట ఆ ఇంట్లో రోజూ మోగింది, అతను గడప తొక్కినప్పుడల్లా ఆగిపోయింది, చుట్టుపక్కల పది ఊళ్ళలో మంచి చెవి ఉన్నవాడని పేరు మోసినవాడికి అది తప్ప అన్నీ వినపడ్డాయి. పాడినప్పుడు ఎలా ఉండేదే అని అడగబోయాడు. బాగుండేది అంటుంది. లేదా ఊరుకుంటుంది. రెండిట్లో దేన్నీ తట్టుకోలేడు. అడగలేదు. నాలుగోవాడు ఊపిరి తీసుకున్నాడు, షమీమ్ కూడా తనకి తెలియకుండా వాడితోపాటు తీసుకుంది, గిన్నెల దగ్గర రోజూ విన్నది కదా, ఆమెకి పాటంతా వచ్చేసింది.

ఎర్ర దీపం ఎప్పుడు ఆరిందో ఇద్దరూ చూడలేదు. దీప్తి గారు మాస్కు కిందకి లాక్కుంటూ వచ్చి ఎదురుగా నిలబడితే ఇద్దరూ ఒక్కసారే లేచారు, వైరు లాగి షమీమ్ చెవిలోది ఊడి కిందకి వేలాడింది. గడ్డ మొత్తం తీసేశాం, మిగతాదేం భయపడక్కర్లేదు అన్నారావిడ. షమీమ్ అల్హమ్దులిల్లా అంది. అతను ఆవిడ నోటివైపే చూస్తున్నాడు. "నరం తెగలేదండి. కానీ దాని మీద నుంచి గడ్డని గీకి తియ్యాల్సొచ్చింది. అది మళ్ళీ పని చేస్తుందో లేదో ఇవాళ చెప్పలేను. వాపు తగ్గాలి, ఆరు నెలలు చూడాలి. రావచ్చు. రాకపోవచ్చు. మా చేతిలో ఉన్నది చేశాం." మీ చేతిలో లేదు, నా చేతిలో లేదు, ఇంక ఎవరి చేతిలో ఉందమ్మా అని అడగాలనిపించింది. చేతులు జోడించాడు.

అరగంట తర్వాత లోపలికి రానిచ్చారు. పచ్చటి తెర పక్కన సైమా పడుకుని ఉంది, మెడ చుట్టూ తెల్లటి కట్టు, కళ్ళు సగం తెరిచి. సిస్టర్ ఆమె బుగ్గ తట్టి, "సైమా, పేరు చెప్పమ్మా. నీ పేరేంటి?" అంది. పెదాలు కదిలాయి. గాలి వచ్చింది. అంతే, గాలి, రెల్లు పెట్టకుండా సన్నాయిలోకి ఊదితే అవతల నుంచి వచ్చే ఉత్త గాలి. మొన్నటిదాకా సగమన్నా గొంతు ఉండేది. "పర్లేదు, పర్లేదు, ఇవాళ మాట్లాడొద్దులే" అని సిస్టర్ పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. షమీమ్ కూతురి కాళ్ళు పట్టుకుని నిలబడింది. సైమా కళ్ళు తండ్రిని వెతుక్కున్నాయి, ఆ కళ్ళలో భయం ఉంది, తన గాలి తనకీ వినపడింది. తగ్గిపోయిద్దిలే అనే హక్కు అతనికి లేదు, ఆ మాట ఎనిమిది నెలలు అన్నాడు. వంగి, ఒక ఇయర్‌ఫోన్ ఆ పిల్ల చెవిలో పెట్టాడు, రెండోది తను పెట్టుకున్నాడు, పాట నొక్కాడు.

పియానో రెండు స్వరాలు. సైమా కనుబొమలు ముడిపడ్డాయి, తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. దుప్పటి మీద నుంచి చెయ్యి కాస్త ఎత్తి మూడు వేళ్ళు చూపించింది. సన్నాయి ఉన్నది కాదా, మూడోది కాదా అని. అతను తల అడ్డంగా ఊపి నాలుగు వేళ్ళు చూపించాడు. ఆ పిల్ల అతన్ని అలా చూస్తూ ఉండిపోయింది. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి, ఇయర్‌ఫోన్ మీదకి జారాయి. "బాగుందే," అన్నాడు, "నాలుగోవాడు," అన్నాడు. సైమా పెదాలు కదలడం మొదలైంది. వద్దే అని షమీమ్ అంటోంది. చప్పుడు లేదు, మాటలు మాత్రం ఒక్కొక్కటీ పెదాల మీద ఏర్పడుతున్నాయి, అతనికి తెలియని భాషలో, ఒక్కటి కూడా తప్పకుండా. పాట పైకెక్కే చోటు వచ్చింది. ఆ పిల్ల ఊపిరి తీసుకుంది. అది వినపడింది, స్పష్టంగా, గదంతా వినపడేలా. దాని తర్వాత ఏమీ రాలేదు. నోరు తెరిచి ఉంది, మెడ కట్టు కింద ఏదో ప్రయత్నిస్తోంది, స్వరం ఉండాల్సిన చోట ఖాళీ. జాన్ బాషా నోరు మూసుకుని, గొంతులో అడుగున, ఆ ఖాళీ కింద షడ్జమం పట్టుకున్నాడు. అతని గొంతు ఎప్పుడూ మంచిది కాదు, సన్నాయి లేకపోతే అతను మామూలు మనిషి. పట్టుకున్నాడు.

"ఏవండీ, ఇక్కడ పాడకూడదండీ," అంది సిస్టర్, తెర అవతల నుంచి.

తెర పక్కకి లాగి చూసింది. అతను ఆమె వైపు తిరగలేదు, కూతురి పెదాల మీద నుంచి చూపు తియ్యలేదు. ఆ పెదాలు ఇంకా కదులుతున్నాయి. ముక్కుతో గాలి తీసుకుంటూనే స్వరం తెగకుండా పట్టి ఉంచాడు, చిన్నప్పుడు నీళ్ళ చెంబు ముందు నేర్చుకున్నట్టు.

"పాడట్లేదమ్మా," అంది షమీమ్. "శ్రుతి పడతన్నాడు."